మూడో కప్పు తాగకుండా లేవకూడదట

కువైట్‌కు పనికి పోయే ఆడపిల్లలు ఇప్పుడు విమానం ఎక్కకముందే ఫోన్లో అన్నీ చూసుకుని పోతున్నారు. మామాతో, అంటే ఇంటి యజమానురాలితో, ఎలా మాట్లాడాలి, పిల్లలకు ఏం పెట్టాలి, అన్నీ ఎవరో ఒకరు చెబుతున్నారు. మంచిదే. కానీ అదే వంటింట్లో మన పక్కన నిలబడి పనిచేసే మనిషి గురించి ఎవరూ చెప్పరు. ఆమె ఏ దేశం నుంచి వస్తుందో, ఎలా తింటుందో, తినేటప్పుడు మన నుంచి ఏం కోరుకుంటుందో మనకు తెలియదు. నాకూ తెలియలేదు. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఆ వేసవిలో నాకు ఎదురైన అయోమయాల్లో సగం సైనికుల వల్ల కాదు, మా వంటక్క వల్ల వచ్చాయి.

నేను చదివింది ఐదో తరగతి. ఇంటికి ఉత్తరాలు రాయడం తప్ప ఇంకేమీ రాసినదాన్ని కాదు. అందుకని జరిగినది జరిగినట్టే రాస్తాను.

మా కఫీల్ ఇల్లు, అంటే మమ్మల్ని పనికి పెట్టుకున్న యజమాని ఇల్లు, కువైట్ నగరం పక్క మిష్రిఫ్‌లో. పిల్లల పనీ, ఇల్లు తుడిచే పనీ నాది. వంట ఆమెది. ఆమెది ఇథియోపియా. నాకంటే బాగా పెద్దది. నుదుటి మీద చిన్న శిలువ పచ్చబొట్టు ఉండేది. మా ఊళ్లో పాతకాలపు ఆడవాళ్లకు ఉండే పచ్చబొట్టు రంగే. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. ఆ పిలుపు ఏమిటో అడిగి తెలుసుకుని, తనూ నన్ను అక్కా అనే పిలిచేది. చిన్నదాన్ని అక్కా అనకూడదు అని చెప్పడానికి నా అరబ్బీ చాలలేదు. ఆమెదీ వంటింటి అరబ్బీనే. మేం మాట్లాడుకున్నదంతా ఆ అరబ్బీలోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఒకే వంటింట్లో పనిచేసినా మేం కలిసి తిన్నది లేదు. నేను నా పళ్లెం తీసుకుని బట్టలు ఉతికే గదిలోకి పోయేదాన్ని. ఆమె ఒక్కతే నిలబడి రెండు ముద్దలు తిని ముగించేది. నేను తలుపు దాటేటప్పుడు "రా, తిందాం" అని పిలిచేది. మన అలవాటు కొద్దీ మొదటి పిలుపుకు నేను "వద్దులే" అనేదాన్ని. ఆమె వచ్చి చెయ్యి పట్టి లాగేది. నాకు భయమేసి పారిపోయేదాన్ని. ఈమెకు మాట వినకపోతే కోపం లాగుంది అనుకునేదాన్ని.

సైన్యం వచ్చేసరికి మామా, కఫీల్, పిల్లలు అందరూ సెలవులకు వేరే దేశం పోయి ఉన్నారు. అంత పెద్ద ఇంట్లో మేం ఇద్దరం. వెనక గదిలో డ్రైవర్. అతను రాయచోటి వైపు ముస్లిం. మా కడపకు దగ్గరే కాబట్టి నేను అన్నా అనేదాన్ని. మొదటి కొన్నాళ్లు మేం గేటుకు తాళం వేసుకుని లోపలే ఉన్నాం. దూరంగా ట్యాంకులు పోతుంటే కిటికీ అద్దాలు అదిరేవి.

"బయటికి తొంగి సూడొద్దమ్మే" అనేవాడు డ్రైవరన్న. "యాడ ఏం జరుగుతాదో ఎవురికీ తెలీదు. ఇంట్లో తిండి ఉండాది గదా, తిని కూచోండి."

తిండి ఉంది. ఫ్రీజర్ నిండా కోడి, మేక మాంసం. అక్కడే నా మొదటి అయోమయం. వంటక్క ఆ మాంసం ముట్టదు. గుడ్డు ముట్టదు. పాలు కూడా పోసుకోదు. పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా మంచినీళ్లు కూడా తాగదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. తర్వాత, నేను మాంసం ఎక్కువ తింటున్నానని కోపమేమో అనుకున్నాను. చివరికి అడిగాను.

"ఉపవాసం" అంది. "మరియమ్మ తల్లి కోసం."

"ఎన్ని రోజులు?"

"ఇది ఆమె నెల. సగం నెల."

అది మాకు శ్రావణమాసం. శ్రావణ శనివారాలు నేనూ ఒక్కపొద్దు ఉండేదాన్ని. ఆ మాట చెప్పాలని చూశాను. శనివారం అని చెప్పగలిగాను, వెంకటేశ్వరస్వామి అని చెప్పలేకపోయాను. మా స్వామి కోసం అని ఆకాశం వైపు చూపించాను. ఆమె కూడా ఆకాశం వైపు చూసింది. హెలికాప్టర్ పోతోంది. ఇద్దరం లోపలికి పరుగెత్తాం.

నా దగ్గర ఊరి నుంచి ఎవరో తెచ్చి ఇచ్చిన రాగిపిండి ఉండేది. మామా ఇంట్లో సంగటి వాసన రాకూడదని అలమర అడుగున దాచుకున్నాను. ఇప్పుడు మామా లేదు కదా అని తీసి సంగటికి ఎసరు పెట్టాను. వంటక్క వచ్చి పిండి వాసన చూసింది. వేళ్ల మధ్య నలిపింది. కాస్త నాలుక మీద వేసుకుంది. తర్వాత నా రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది. వాళ్ల ఊళ్లోనూ ఇదే పండుతుందట. నాకు అప్పటిదాకా రాగులు మాకు తప్ప లోకంలో ఎవరికీ తెలియవనే నమ్మకం.

పొయ్యి ఆపేసి పిండి మొత్తం తీసుకుపోయింది. ఇంత మైదా కలిపి, నీళ్లు పోసి, గిన్నెలో మూతపెట్టి పక్కన పెట్టింది. సాయంత్రం అయింది, వండలేదు. మరుసటి రోజూ వండలేదు. గిన్నెలో నుంచి పుల్లటి వాసన వస్తోంది, పైన నీళ్లు తేలుతున్నాయి. నా రాగిపిండి పాడుచేసి పారబోస్తుంది అని నాకు ఏడుపొచ్చింది. పైకి ఏమీ అనలేదు. గిన్నె దగ్గరికి పోయి మూత తీసి చూడటం, ముక్కు మూసుకుని మూత పెట్టడం, ఇదే పనైంది నాకు.

ఆ తర్వాత రోజు పెద్ద పెనం పెట్టి, ఆ పిండిని అంచు నుంచి లోపలికి చుట్టూ పోసి మూతపెట్టింది. మూత తీస్తే మన అట్టులాగే ఉంది, కాకపోతే పైనంతా సన్నని రంధ్రాలు, తేనెపట్టు లాగ. ఆమె ఉల్లిపాయల వైపు తిరిగింది. నేను ఊరికే ఉండకుండా, అట్టు మాడిపోతుందేమో అని అట్లకాడ పెట్టి తిరగేశాను.

ఆమె వేసిన కేకకు డ్రైవరన్న వెనక గది నుంచి పరుగెత్తుకొచ్చాడు, సైనికులు వచ్చారనుకుని.

"ఏమైందమ్మే? ఎవురొచ్చినారు?"

"ఎవురూ రాలేదన్నా. నేను అట్టు తిరగేసినా."

"దానికా ఆ అరుపు?"

వంటక్క అట్టు వైపు చూపిస్తూ అరబ్బీలో ఏదో గబగబా అంది. అతనికి మా ఇద్దరి కంటే అరబ్బీ బాగా వచ్చు. విని, గడ్డం గోక్కున్నాడు.

"దానికి కండ్లు ఉంటాయంట. నువ్వు కండ్లు మూసేస్తివంట."

"అట్టుకు కండ్లేందన్నా?"

"నాకేం తెలుసు? వండినామె చెప్పాంది."

ఆ రంధ్రాలనే వాళ్లు కళ్లు అంటారని తర్వాత తెలిసింది. దాన్ని ఇంజెరా అంటారు. ఒక పక్కనే కాలుస్తారు, తిరగేయరు. కళ్లుంటేనే పప్పూ కూరా లోపలికి పీల్చుకుంటుంది. నేను తిరగేసినదాన్ని ఆమె పారేయలేదు. పక్కన పెట్టి, తనే తింది.

తినడం దగ్గర నా కష్టం ఇంకా పెరిగింది. ముందు చెంబూ బేసినూ తెచ్చి నా చేతుల మీద నీళ్లు పోసింది. మన వైపు పెద్దవాళ్లకు చిన్నవాళ్లు పోస్తారు, కొత్త అల్లుడికి పోస్తారు. ఆమె వంగి నాకు పోస్తుంటే ఎక్కడ చూడాలో తెలియలేదు. తర్వాత పెద్ద పళ్లెంలో ఇంజెరా పరిచి, దాని మీదే ఎర్ర కందిపప్పు కూర, క్యాబేజీ, ఆలుగడ్డ కుప్పలుగా పెట్టింది. పళ్లెం ఒకటే. నా పళ్లెం ఏది అని చూశాను. డ్రైవరన్న అప్పటికే కూర్చుని బిస్మిల్లా అనుకుంటున్నాడు.

"అందురం దీంట్లోనేనా అన్నా?"

"ఔ. మా ఇండ్లల్లో పెండ్లిండ్లప్పుడు ఒగే తాంబాలంలో నలుగురం కూచుంటాం గదా."

"ఎంగిలి గాదా?"

"ఎంగిలేంది మ్మే, నీ పక్క నువ్వు తిను, నా పక్క నేను తింటా."

మా ఇంట్లో ఎంగిలి చెయ్యి నీళ్లకుండకు తగిలితే మా అమ్మ కుండ మొత్తం పారబోసేది. అలా పెరిగినదాన్ని నేను. నా వైపు అంచు చించుకుని, చేత్తో గీత గీసినట్టు ఆ గీత దాటకుండా తింటున్నాను. వంటక్క మాత్రం తన వైపు ఉన్న పప్పును వేలితో నా వైపు తోస్తూనే ఉంది. మళ్లీ అనుమానం. ఆమెకు వద్దనిపించినది నాకు నెడుతోందా? లేక నేను తొందరగా తిని లేవాలనా? రుచి మాత్రం మన ఎండుమిరపకాయల కారం రుచే. చివర్లో ఇష్టంగా వేళ్లు నాక్కున్నాను. వండినవాళ్లకు అంతకంటే సంతోషం ఏముంటుంది? ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. వాళ్లలో వేళ్లు నాకడం చాలా తప్పట.

అన్నిటికంటే పెద్ద గొడవ ముద్ద దగ్గర. ఆమె ఇంజెరా ముక్కలో పప్పు చుట్టి, నా నోటి దగ్గరికి తెచ్చింది. నేను వెనక్కి జరిగాను. ఇంకా ముందుకు తెచ్చింది. చిన్నపిల్లలకు పెడతాం, పెండ్లిలో మొగుడూ పెండ్లాం పెట్టుకుంటారు. నాకెందుకు? అరచెయ్యి చాపి అందులో తీసుకుని తిన్నాను. ఆమె నవ్వింది, కానీ ఆ నవ్వు మొహమంతా రాలేదు. ఆ రోజు నుంచి ప్రతి భోజనంలో ఆమె నా నోటి దగ్గరికి తేవడం, నేను అరచెయ్యి చాపడం. ఇద్దరం మా పట్టు వదల్లేదు.

ఇంజెరాకు అలవాటు పడుతున్నాననగా కాఫీ మొదలైంది. తోటలో కఫీల్ ప్రేమగా పెంచుకున్న పచ్చగడ్డి కోసుకొచ్చి వంటింటి నేల మీద పరిచింది. గరిక అయితే వినాయకుడికి, దర్భ అయితే పోయినవాళ్లకు. ఇది దేనికో తెలియక నేను దాని మీద కాలు పెట్టకుండా గోడవారగా నడిచాను. చిన్న బొగ్గుల కుంపటి మీద పచ్చి కాఫీ గింజలు వేయించింది. అవి నల్లబడి పొగలు వస్తుంటే పెనం పట్టుకుని నా దగ్గరికి వచ్చి ముందు నిలబడింది. నేను లేచి నిలబడి, రెండు చేతులూ పొగ మీద పెట్టి కళ్లకద్దుకున్నాను. హారతి అనుకున్నాను మరి.

ఆమె కాసేపు నా వైపే చూసింది. ఏమనుకుందో ఏమో, పెనం డ్రైవరన్న దగ్గరికి తీసుకుపోయింది. అతను వాసన పీల్చి "బాగుండాది" అన్నాడు. అదీ పద్ధతి. మరుసటి రోజు ఆమె నా ముందుకు పెనం తెచ్చి, నేను చేతులు చాపేదాకా కదల్లేదు. నేను అద్దుకున్నాక తనూ ఒక చేత్తో అద్దుకుంది. అప్పుడు ఎవరి పద్ధతి ఎవరు నేర్చుకున్నట్టో నాకు తెలియలేదు.

కాఫీ మూడు సార్లు పోస్తారు. అదే పొడి, మళ్లీ నీళ్లు, మళ్లీ కాచి. మొదటిది చిక్కగా, రెండోది పలచగా, మూడోది ఇంకా పలచగా. మూడో కప్పు తాగకుండా లేవకూడదట. ఆ మూడో కప్పును వాళ్లు బరకా అంటారు. దీవెన అందులోనే ఉంటుందట. చెవుల్లేని చిన్న కప్పులు. అంత నెమ్మదిగా జరిగే పని నేను అంతకుముందు చూడలేదు.

వంటక్క ఉపవాసాలు అయిపోయాక ఒక రోజు డ్రైవరన్న బయటికి పోయి వచ్చాడు.

"ఫింటాస్‌లో మనోళ్లు ఒక బస్సు మాట్లాడినారు. బస్రా మీద బాగ్దాద్, ఆడ్నించి జోర్డాన్ బార్డర్. బార్డర్ దాటితే మన దేశం ఇమానాలు ఉండాయంట. రేపు మద్యాన్నం బయల్దేర్తాది. నీకూ నాకూ సోటు చెప్పినా."

"అక్కకు?"

అతను నేల వైపు చూశాడు. "మన ఇండియావాళ్లకే అంట. దావలో ఆపి అడిగితే అందురూ ఇండియా అని చెప్పాలంట. వేరే దేశమామె ఉంటే బస్సుబస్సూ నిలబెట్టేస్తారని బస్సు మాట్లాడిన పెద్దాయన ఒప్పుకోల్యా. నేను బతిమాలినా మ్మే. పెద్దాయన కాళ్లు ఒగటే పట్టుకోల్యా."

ఈ మాటలే వంటక్కకూ అరబ్బీలో చెప్పాడు. దాపరికం ఏమీ లేదు. ఆమె విని తల ఊపింది. ఆమె దేశం వాళ్లు చుట్టుపక్కల ఎవరూ మాకు తెలియదు. ఇళ్లలోకి సైనికులు దూరుతున్నారనే మాటలు అప్పటికే వింటున్నాం. అంత పెద్ద ఇంట్లో, తాళం వేసిన గేటు వెనక, ఆమె ఒక్కతే ఎలా ఉంటుంది? అది నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. నా గుడ్డల సంచి సర్దడంలో సాయం చేసింది.

మరుసటి రోజు పొద్దున, ఇక బయల్దేరాలి అనగా, ఆమె నేల మీద గడ్డి పరచడం మొదలుపెట్టింది.

"అక్కా, టైం లేదు" అన్నాను.

"కూర్చో. కాఫీ" అంది.

డ్రైవరన్న వనీత్‌లో, అంటే సామాన్లు మోసే చిన్న బండిలో, గేటు బయట కూర్చుని ఉన్నాడు. ఫింటాస్ దాకా దాంట్లో పోయి, అక్కడ బండి ఆపేసి బస్సెక్కాలని అతని ఆలోచన. హారన్ కొట్టాడు. వంటక్క గింజలు కడుగుతోంది. మళ్లీ హారన్. ఆమె గింజలు వేయిస్తోంది. పొగ నా ముందుకు తెచ్చింది, నేను కళ్లకద్దుకున్నాను. గింజలు రోట్లో వేసి దంచుతోంది. ఇంట్లో కరెంటు మర ఉంది. రోట్లోనే దంచుతోంది.

డ్రైవరన్న లోపలికి వచ్చాడు. "ఏమ్మే, ఏందిది? యుద్దంలో కాఫీ తాగేదానికి ఇదేనా టైము? పెద్దాయన ఎవురికోసరమూ బస్సు ఆపడు. లెయ్యి!"

"మొదటి కప్పు పోసేసిందన్నా."

"తాగి లెయ్యి."

తాగాను. లేవబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకోలేదు. ఏమీ అనలేదు. కాఫీ కుండలో మళ్లీ నీళ్లు పోసి బొగ్గుల మీద పెట్టి, నా వైపు చూసింది. నేను కూర్చున్నాను. రెండో కప్పు పోసింది. డ్రైవరన్న గడియారం చూసుకుంటూ గుమ్మం దగ్గర అటూ ఇటూ తిరుగుతున్నాడు. అతని చేతిలోనూ ఒక కప్పు పెట్టింది. నిలబడి గుక్కెడు తాగి, నాలుక కాల్చుకుని, "యల్లా, ఖలాస్!" అన్నాడు, ఇక చాలు, పదండి అని.

"బరకా" అంది వంటక్క, మూడోసారి నీళ్లు పోస్తూ.

ఆ మాట వినగానే అతని మొహం మారింది. చెప్పులు విప్పి గడ్డి మీద కూర్చున్నాడు.

"నువ్వు కూచుంటివేందన్నా?"

"బరకత్ అన్నాక ఎట్ల లేసిపోతాం మ్మే? యా మతమోళ్లదైనా బరకత్ బరకతే గదా" అని, కాళ్లు మడుచుకుంటూ, "నా బతుకు మీ ఇద్దురి చేతిలో పడిందే" అన్నాడు.

మూడో కప్పు తాగాం. ఆమె కళ్లు మూసుకుని తన భాషలో ఏదో చెప్పింది. మా ఇద్దరి తలల వైపూ చెయ్యి చాపింది. తర్వాత కప్పులు కడిగి గుడ్డలో మూటకట్టింది. మిగిలిన ఇంజెరా, పప్పు డబ్బాలో పెట్టుకుంది. మాతో పాటు వచ్చి వనీత్ ఎక్కింది.

"ఈమె యాడికి?" అన్నాడు డ్రైవరన్న.

"బస్సు దాకా. సాగనంపడానికి" అంది ఆమె.

ఆ కప్పులు ఎందుకు, ఆ డబ్బా ఎందుకు అని అడిగే టైం లేదు.

ఫింటాస్‌లో బస్సెక్కాల్సిన బిల్డింగు ముందు బస్సు లేదు. తెగిపోయిన చెప్పు ఒకటి, ఖాళీ నీళ్ల డబ్బాలు పడి ఉన్నాయి. కాపలా ఉన్న మనిషి ఇప్పుడే పోయింది అని చెయ్యి ఊపాడు.

"పట్టుకుందాం! పట్టుకుందాం!" అని డ్రైవరన్న బండి తిప్పాడు. వంటక్కను దించాలని అతనికి గుర్తు రాలేదు. నాకు గుర్తొచ్చింది, నోరు తెరవలేదు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. ముందు ఏ బస్సు కనిపించినా అదే అనుకుని తరిమాం. ఒకటి సైనికుల బస్సు. దాన్ని చూసి బండి నెమ్మది చేసేసరికి మాకు చెమటలు పట్టాయి. అలా తరుముతూ తరుముతూ ఊరు దాటేశాం. ఎడారి మొదలైంది. వెనక్కి పోదామంటే వెనక దారిలో పొగ లేస్తోంది.

డ్రైవరన్న బండి పక్కకు తీసి స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు. "కఫీల్ బండి ఇది. అడక్కుండా దేశం దాటిచ్చే దొంగతనం గాదా? పదేండ్లు ఆయన ఉప్పు తిన్నా."

"మిలట్రీవాళ్లు ఎత్తుకపోరా అన్నా, ఆడ పెట్టిపోతే?"

"వాళ్లు ఎత్తుకపోతే వాళ్ల పాపం. నేను తోలుకపోతే నాది."

వంటక్కకు మా తెలుగు అర్థం కాలేదు. కానీ డబ్బా విప్పి, మూత మీద ఇంజెరా పరిచి, "తిందాం" అంది. ఇలాంటి చోట ఆకలి ఎలా వేస్తుందో అనుకుంటూనే నేనూ చెయ్యి పెట్టాను. అప్పుడే కిటికీ దగ్గరికి తుపాకీ పట్టుకుని ఒక సైనికుడు వచ్చాడు. మేం ఆపిన చోటుకు పక్కనే వాళ్ల చెక్‌పోస్టు ఉందట, మేం చూసుకోలేదు.

"ఏ దేశం?" అన్నాడు.

డ్రైవరన్న ఇండియా అన్నాడు. సైనికుడు వంటక్క వైపు చూశాడు. ఆమె తినే చోటికి మనిషి వచ్చాడు కాబట్టి తన పద్ధతి ప్రకారం ఒక ముద్ద చుట్టి, కిటికీలోంచి అతని నోటి దగ్గరికి చాపింది. అతను ఒక్క గంతు వెనక్కి వేసి తుపాకీ ఎత్తాడు.

"ఏమిటిది? విషమా? ఇది తినే వస్తువా?"

"తినేదే, తినేదే" అన్నాడు డ్రైవరన్న. "దేవుడి మీద ఒట్టు."

"అయితే ఆ అమ్మాయికి పెట్టు. నేను చూడాలి."

ఆ అమ్మాయి అంటే నేను. అలవాటు కొద్దీ అరచెయ్యి చాపాను. అతను తుపాకీతో సైగ చేస్తూ "నోట్లో!" అని అరిచాడు. దాచుకుంటాను అనుకున్నాడేమో. నేను నోరు తెరిచాను. వంటక్క ముద్ద పెట్టింది. గొంతు దిగేదాకా అతను నా మొహమే చూస్తున్నాడు. దిగింది. అంతలో ఆమె రెండో ముద్ద చుట్టి పెట్టింది. దాన్ని మింగకముందే మూడోది. వాళ్లలో ఒక్క ముద్దతో ఆపకూడదట. అది అతనికి ఎవరు చెప్పాలి? బుగ్గలు ఉబ్బిపోయి, కళ్లలోంచి నీళ్లు కారుతూ నేను నములుతుంటే ఆ సైనికుడు మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. వీళ్లు గూఢచారులు కారు, పిచ్చివాళ్లు అని తేల్చుకున్నట్టున్నాడు. "పోండి, పోండి" అని చెయ్యి విసిరాడు.

బండి చెక్‌పోస్టు దాటింది. తర్వాత డ్రైవరన్న అన్నాడు. "ఇన్నాళ్లూ ఆమె బతిమాలితే తినకపోతివి. తుపాకీ సూపిస్తే మూడు ముద్దలు తింటివి."

వంటక్కకు అతను అరబ్బీలో మళ్లీ చెప్పాడు. ఆమె నవ్వలేదు. చేత్తో నా మూతి తుడిచింది.

దారిలో పడిన తిప్పలు రాస్తే ఇదే పెద్దదవుతుంది. బస్రా దాటాం, బాగ్దాద్ దాటాం. నీళ్ల కోసం తిరిగాం. బండిలో ఉన్న రెండు డబ్బాల పెట్రోలు అయిపోయాక దయగల ఒక లారీ అతను కొంచెం పోశాడు. ఎట్టకేలకు జోర్డాన్ సరిహద్దు చేరేసరికి ఎడారిలో గుడారాల ఊరే ఉంది. మేం తరిమిన బస్సు మాకంటే ముందే క్షేమంగా వచ్చేసింది. పెద్దాయన మమ్మల్ని చూసి, "యాడ తిరిగొచ్చినారు మీరు? పేర్లు ముందే రాసుకునేసినారే" అని తిట్టాడు. నిజమే. బస్సులో వచ్చినవాళ్లు మాకంటే చాలా ముందు విమానమెక్కారు. మూడు కప్పుల కాఫీకి మేం ఎండలో ఎక్కువ రోజులు పడి ఉన్నాం. డ్రైవరన్న బండిని సరిహద్దు దగ్గర ఒక వారగా పెట్టి, అద్దాలు ఎత్తి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు. కఫీల్ కనిపిస్తే ఇవ్వాలట.

మన గుడారాలు ఒక వైపు, వేరే దేశాలవాళ్లవి ఇంకో వైపు. వంటక్కకు అక్కడ తన దేశం ఆడవాళ్లు కనిపించారు. వాళ్లను వేరే చోటికి తీసుకుపోవడానికి ఒక రోజు లారీ వచ్చింది. ఆమె ఎక్కి కూర్చున్నాక నేను లారీ పక్కన నిలబడి, ఇన్నాళ్లూ లోపల తిరుగుతున్న మాట అడిగేశాను.

"అక్కా, ఆ రోజు కావాలనే కాఫీ నెమ్మదిగా కాచావా? బస్సు పోవాలనా?"

ఆమె కోపం తెచ్చుకోలేదు.

"బొగ్గుల మీద కాఫీకి అంత సేపే పడుతుంది" అంది. "తలుపు తెరిచే ఉంది. డ్రైవర్ పిలుస్తూనే ఉన్నాడు. నేను నిన్ను పట్టుకోలేదు." లారీ అంచు మీద చెయ్యి పెట్టి నా వైపు వంగింది. "నువ్వెందుకు లేవలేదు?"

అంతవరకు ఆమె ఏ పని ఎందుకు చేస్తుందో అనే ఆలోచించాను తప్ప, నేను ఎందుకు చేశానో ఒక్కసారీ ఆలోచించలేదు. లారీ ఇంజన్ మొదలైంది. ఏదో ఒకటి చెప్పాలి.

"కాళ్లు తిమ్మిరి పట్టాయి" అన్నాను.

ఆమె సరేనన్నట్టు తల ఊపింది, లారీ కదిలింది. ఆమె నమ్మిందనే అనుకుంటున్నాను. నాకే ఇంతవరకు నమ్మకం కుదరలేదు.